జాతర్లో ఆరు బొమ్మల ఆట: సగటు ఎంత, విస్తృతి ఎంత?

పర్లాకిమిడి_పిల్లోడు
మంగళవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నాది ప్లస్ త్రీ (డిగ్రీ) మొదటి సంవత్సరం, లెక్కలు. క్లాసులో పాఠం ఒడియాలో, పుస్తకం ఇంగ్లీషులో, ఇంట్లో మాట తెలుగులో. మూడింటి మధ్యనా ఈ అధ్యాయం నాకు సగమే ఎక్కింది. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

యాదృచ్ఛిక చలరాశుల (random variables) పాఠం అయ్యాక మా సారు, "మీ చుట్టుపక్కల చూసిన ఆట ఏదైనా తీసుకోండి, దానికి సగటు, విస్తృతి కట్టి తీసుకురండి" అన్నారు. విస్తృతి అంటే variance, విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది. నాకు జాతర్లో ఆడించే ఆరు బొమ్మల ఆట గుర్తొచ్చింది. తెలీనివాళ్ల కోసం చెప్తున్నా. నేల మీద గుడ్డ పరుస్తారు. దాని మీద ఆరు గళ్లు: ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు, రాజు, జెండా. పాచికలు మూడు, ఒక్కోదాని ఆరు ముఖాల మీదా అవే ఆరు బొమ్మలు. మనం ఒక గడిలో రూపాయి కాస్తాం. ఆసామి డబ్బా ఆడించి బోర్లిస్తాడు. మన బొమ్మ ఒక పాచిక మీద పడితే మన రూపాయి మనకిచ్చి పైన రూపాయి ఇస్తాడు. రెండింటి మీద పడితే పైన రెండు, మూడింటి మీదా పడితే పైన మూడు. అసలు పడకపోతే రూపాయి పోయినట్టే.

మా ఫ్రెండు ఏటంటాడంటే, ఒక్కో పాచిక మీద మన బొమ్మ పడే అవకాశం ఆరింట ఒకటి, పాచికలు మూడు, కాబట్టి మొత్తం సగం. సగం సార్లు గెలుస్తాం, సగం సార్లు ఓడతాం, జంట పడినా మూడూ పడినా అదనంగా వస్తాది, అంటే ఆట మనకే లాభం అంటున్నాడు. మరి లాభం మనకైతే ఆ ఆసామి ఏటా అదే గుడ్డ పట్టుకుని ఎందుకొస్తున్నాడు?


గుణుపురం_గుమస్తా
మంగళవారం, రాత్రి 8:58

మీ ఫ్రెండు చెప్పినదే రైటు. మూడు ఆరో వంతులు కలిపితే సగం, ఇందులో లెక్క ఏటుంది. ఆసామికి లాభం ఎక్కడి నుంచి వస్తాదంటే, ఆడేవాళ్లు ఆపరు. గెలిచినవాడు లేచి వెళ్లిపోతే ఆసామి గుడ్డ మడుచుకోవాల్సిందే. నేను గెలిచి లేచొచ్చిన రోజులు చాలా ఉన్నాయి.


జయపురం_అక్క
మంగళవారం, రాత్రి 9:15

గుమస్తా గారూ, అదే లెక్కన పాచికలు ఆరు పెడితే ఆరు ఆరో వంతులు కలిపి ఒకటి అవుతుంది. అంటే ప్రతి విసురుకీ మన బొమ్మ పడి తీరాలి. ఏడు పాచికలు పెడితే ఒకటి దాటిపోతుంది! ఆరు పాచికలు విసిరినా మన బొమ్మ ఒక్కటీ పడని సందర్భాలు మూడింట ఒకటి దాకా ఉంటాయి. సంభావ్యతల్ని అలా కలపకూడదు. ఒకే విసురులో రెండు పాచికల మీదా మన బొమ్మ పడొచ్చు కదా, అప్పుడు ఆ విసురుని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

తమ్ముడూ, ముందు పట్టిక వెయ్యి. మూడు పాచికలకీ మొత్తం 216 రకాలు. మన బొమ్మ ఎన్ని పాచికల మీద పడిందో దాన్ని బట్టి విడగొట్టు.

ఒక్కటీ పడనివి: 5 × 5 × 5 = 125
ఒకటి పడినవి: 3 × 25 = 75
రెండు పడినవి: 3 × 5 = 15
మూడూ పడినవి: 1

125, 75, 15, 1 కలిపితే 216. ఇది సరిపోయాకే ముందుకు కదులు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది ఈ కూడిక చూసుకోకుండా పరిగెడతారు, ఆఖర్న విస్తృతికి ఏదో వింత సంఖ్య వస్తే నా మొహం చూస్తారు.

గెలిచేది 216లో 91 సార్లు, అంటే నూటికి 42. సగం కాదు.


బరంపురం_మాస్టారు
మంగళవారం, రాత్రి 9:47

అక్కగారి పట్టిక సరిగ్గా ఉంది. అయితే ఆ కుర్రవాడు చెప్పిన 'సగం' కూడా పారేయాల్సింది కాదు. అది సంభావ్యత కాకపోయినా మరొకటవుతుంది. చూడండి.

పడిన బొమ్మల సంఖ్యని చలరాశి అనుకుందాం. అది 0, 1, 2, 3 విలువలు తీసుకుంటుంది. ప్రతి విలువనీ దాని సంభావ్యతతో గుణించి కలిపితే

(0 × 125 + 1 × 75 + 2 × 15 + 3 × 1) / 216 = 108 / 216 = సరిగ్గా సగం.

అంటే విసురుకి సగటున అర బొమ్మ పడుతుంది. మూడు ఆరో వంతుల్ని కలిపి అతను కట్టింది ఈ సగటునే. సగటుల్ని ధైర్యంగా కలుపుకోవచ్చు, పాచికలకి ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నా లేకపోయినా సరే. సంభావ్యతలకి ఆ స్వేచ్ఛ లేదు. అర బొమ్మ అనేది ఏ విసురులోనూ పడదు, దానికి బెంగ అక్కర్లేదు. మామూలు పాచిక సగటు 3.5, ఆ ముఖం ఏ పాచిక మీదా ఉండదు.

ఇప్పుడు డబ్బు లెక్క. పడిన ప్రతి బొమ్మకీ రూపాయి వస్తుంది, ఒక్కటీ పడకపోతే రూపాయి పోతుంది. సగటున వచ్చేది 108/216, సగటున పోయేది 125/216. తేడా −17/216, అంటే సుమారు −0.0787. కాసిన ప్రతి రూపాయికీ దాదాపు ఎనిమిది పైసలు ఆసామి గల్లాలోకి పోతున్నాయి. ఏటా ఎందుకొస్తున్నాడో ఇదే జవాబు.

ఈ సగటు అనే ఆలోచన పుట్టిందే పందెం దగ్గర. మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెం సొమ్ము ఎలా పంచుకోవాలని 1654లో ఫ్రెంచి గణితవేత్తలు పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకున్నారు. మూడేళ్లకి డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ దాన్ని పుస్తకంగా పెట్టాడు. కాబట్టి జాతర గుడ్డ మీద లెక్క కట్టడానికి సిగ్గుపడక్కర్లేదు. ఆడటం మాత్రం వద్దు. మన ఒడిశాలో జూద నిరోధక చట్టం 1955 నుంచీ ఉంది.


గుణుపురం_గుమస్తా
మంగళవారం, రాత్రి 10:05

ఎనిమిది పైసలే కదేటి మాస్టారూ. టీ గ్లాసులో ఈగంత. సరదాకి ఆడేవాడికి ఎనిమిది పైసలు ఒక లెక్కా?


పర్లాకిమిడి_పిల్లోడు
మంగళవారం, రాత్రి 10:20

సగటు అర్థమైంది మాస్టారూ, అక్కా. ఇప్పుడు విస్తృతి. పుస్తకంలో రెండు సూత్రాలు ఉన్నాయి. ఒకటి, ప్రతి విలువలోంచి సగటు తీసేసి, వర్గం చేసి, సంభావ్యతతో గుణించి కలపడం. రెండోది, వర్గాల సగటులోంచి సగటు వర్గం తీసేయడం. రెండూ ఒకటేనా? ఏది వాడాలి? ఇంకోటి, కలిపాక దేనితో భాగించాలి?


రాయగడ_రాత్రిడ్యూటీ
మంగళవారం, రాత్రి 11:52

డ్యూటీలో ఉన్నా, ఖాళీ దొరికింది. మా ల్యాబులో కాగితం మందం కొలుస్తాం. పది ముక్కలు కొలిస్తే విస్తృతికి తొమ్మిదితో భాగిస్తాం, పదితో కాదు. నీ దగ్గర విలువలు నాలుగున్నాయి కాబట్టి మూడుతో భాగించాలేమో చూడు తమ్ముడూ.


బరంపురం_మాస్టారు
బుధవారం, ఉదయం 6:10

రాత్రి డ్యూటీ గారూ, మీ ల్యాబులో చేసేది సరైనదే, కానీ అది వేరే పని. మీకు కాగితం అసలు సగటు తెలీదు. చేతిలో ఉన్న పది ముక్కల నుంచే సగటునీ, విస్తృతినీ అంచనా కట్టాలి. సగటుని ఆ ముక్కల నుంచే తీసుకున్నారు కాబట్టి అవి దాని చుట్టూ కాస్త ఎక్కువ దగ్గరగా కనిపిస్తాయి. ఆ లోటు పూడ్చడానికి తొమ్మిదితో భాగిస్తారు.

ఇక్కడ అంచనా లేదు. పాచిక ఎలా పడుతుందో పూర్తిగా తెలుసు, సంభావ్యతలన్నీ చేతిలో ఉన్నాయి. సంభావ్యతతో గుణించడంలోనే భాగించడం ఉంది, అవన్నీ కలిసి ఒకటి అవుతాయి కనుక. మళ్లీ నాలుగుతోనో మూడుతోనో భాగిస్తే జవాబు పాడవుతుంది. ఇరవై ఏళ్ల పేపర్లు దిద్దిన అనుభవంతో చెప్తున్నా, ఈ అధ్యాయంలో మార్కులు ఎక్కువగా పోయేది ఈ ఒక్కచోటే.

సూత్రాలు రెండూ ఒకటే. మొదటిదాన్ని విడదీసి రాస్తే రెండోది వస్తుంది. చేతిలెక్కకి రెండోదే హాయి. లాభనష్టం విలువలు −1, 1, 2, 3. వాటి వర్గాలు 1, 1, 4, 9.

వర్గాల సగటు = (125 × 1 + 75 × 1 + 15 × 4 + 1 × 9) / 216 = 269/216 ≈ 1.2454
సగటు వర్గం = (17/216) వర్గం ≈ 0.0062
విస్తృతి ≈ 1.2392

వర్గమూలం తీస్తే ప్రామాణిక విచలనం సుమారు 1.113. అంటే రూపాయి పందెంలో ఊగిసలాట రూపాయి పైమాటే. ఇప్పుడు గుమస్తా గారి ఈగ సంగతి చూడండి. ఎనిమిది పైసల నష్టం నూట పదకొండు పైసల ఊగిసలాట వెనకాల దాక్కుంటుంది. ఒక సాయంత్రం ఆడినవాడి కంటికి అది కనపడదు. అందుకే 'నేను గెలిచి లేచొచ్చాను' అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు.


జయపురం_అక్క
బుధవారం, ఉదయం 7:30

ఒక్క చేర్పు. రెండో సూత్రం వాడితే భిన్నాల్ని ఆఖరి దాకా భిన్నాలుగానే ఉంచు తమ్ముడూ. మధ్యలో రెండు దశాంశాలకి కుదిస్తే కొన్ని లెక్కల్లో ప్రమాదం. విలువలు 1001, 1002, 1003 లాంటివైతే రెండు పెద్ద సంఖ్యల్లోంచి చిన్న తేడా తీయాలి, కుదింపు వల్ల ఆ తేడా రుణసంఖ్యగా కూడా వచ్చేస్తుంది. విస్తృతి అంటే తేడాల వర్గాల సగటు, అది రుణమెలా అవుతుంది? విస్తృతికి మైనస్ వస్తే అక్కడే ఆగి వెనక్కి వెళ్లాలి. అలాంటి పెద్ద విలువలుంటే ముందే అన్నిట్లోంచీ 1000 తీసేసి కట్టు. విస్తృతి మారదు.


పర్లాకిమిడి_పిల్లోడు
బుధవారం, సాయంత్రం 5:05

1.2392 నాకూ వచ్చింది, రెండు సూత్రాలతోనూ. సారుకి చూపించాను. ఆయన ఇంకో ప్రశ్న వేసి పంపీసారు: ఒకే విసురుకి పది రూపాయలు కాయడం, పది విసుర్లకి ఒక్కో రూపాయి కాయడం, రెండూ ఒకటేనా?


రాయగడ_రాత్రిడ్యూటీ
బుధవారం, రాత్రి 10:40

ఇది నాకొచ్చు. సగటు రెండిట్లోనూ ఒకటే, 78.7 పైసలు నష్టం. విస్తృతి మాత్రం వేరు. ఒకే విసురుకి పది కాస్తే లాభమైనా నష్టమైనా పదింతలు, వర్గం నూరింతలు. విస్తృతి 123.9, విచలనం 11 రూపాయలు దాటుతుంది. పది వేర్వేరు విసుర్లయితే దేనికది స్వతంత్రం, విస్తృతుల్ని కలుపుకోవచ్చు. పదింతలు మాత్రమే, 12.39. విచలనం మూడున్నర రూపాయలు.

మా సూపర్‌వైజరుకి ఈ సంగతి చెప్పడానికి చాలా కాలం పట్టింది. ఒకే ముక్కని కొలిచి పదితో గుణించడం, పది ముక్కలు కొలిచి కలపడం ఒకటి కాదు.


గుణుపురం_గుమస్తా
బుధవారం, రాత్రి 11:10

సరే, లెక్కలు బాగున్నాయి. కానీ ఆట తెలిసినవాడు ఒకేలా కాయడు. పది రూపాయలతో మొదలెట్టు. పోతే ఇరవై. పోతే నలభై. ఎప్పుడు గెలిచినా పోయిందంతా వెనక్కొచ్చి పైన పది మిగులుతాది. గెలవగానే లేచిపో. ఇందులో సగటు ఎక్కడ, విస్తృతి ఎక్కడ?


రాయగడ_రాత్రిడ్యూటీ
గురువారం, తెల్లవారుజాము 2:25

గుమస్తా అన్నా, జేబులో ఎంతుంది? ఏడు విసుర్లకి సరిపడా డబ్బుందనుకుందాం: 10, 20, 40, 80, 160, 320, 640. మొత్తం 1270. ఏడూ పోయే సంభావ్యత 125/216ని ఏడుసార్లు గుణిస్తే వస్తుంది, సుమారు 0.0217. అంటే నూరు సాయంత్రాలాడితే తొంభై ఎనిమిది సాయంత్రాలు పదో ఇరవయ్యో అంతకు కొంచెం ఎక్కువో గెలిచి లేచొస్తావు. మిగతా రెండు సాయంత్రాలూ 1270 చొప్పున పోగొట్టుకుని నడుచుకుంటూ ఇంటికొస్తావు.

ఇంకా బాగా చూడాలంటే, కాసిన ప్రతి రూపాయికీ పోయే సగటు ఎప్పుడూ అదే 17/216. నువ్వు ఏ వరసలో కాసినా అది మారదు. మారేది నువ్వు సగటున ఎంత కాస్తున్నావన్నదే. రెండో పందెం దాకా వచ్చే అవకాశం 125/216, మూడోదాని దాకా దాని వర్గం, అలా ఏడింటికీ కట్టి కలిపితే సాయంత్రానికి సగటు పందెం 113 రూపాయలు. దాని మీద నష్టం 8 రూపాయల 90 పైసలు. పది రూపాయలు ఒక్కసారి కాసి లేచిపోయుంటే 79 పైసలతో పోయేది.


గుణుపురం_గుమస్తా
గురువారం, ఉదయం 9:00

ఆ రెండు సాయంత్రాలూ నాకింకా రాలేదు.


జీడిపిక్కల_వర్తకం
గురువారం, మధ్యాహ్నం 1:15

నేను చదువుకున్నది తక్కువ, మీ సంభాషణ మొదటి నుంచీ చదువుతున్నాను. నాకో అనుమానం. ఆ ఆసామిని నేనూ చూశాను. అయిదు గళ్లలో డబ్బులు పడి ఒక గడి ఖాళీగా ఉందనుకోండి, వాడు డబ్బా ఎత్తడు. "జెండా ఖాళీ, జెండా ఖాళీ, ఎవరన్నా రండి" అని ఒకటే అరుస్తాడు. ఏ గడిలో కాసినా రూపాయికి ఎనిమిది పైసలే కదా వాడికి వచ్చేది. ఉన్నవాళ్లతో ఆడించేయొచ్చు. ఆ ఒక్క గడి కోసం అంత గొంతు చించుకోవడం ఎందుకు?


బరంపురం_మాస్టారు
గురువారం, సాయంత్రం 6:30

ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నల్లో ఇదే మంచిది. చదువు తక్కువని మీరు అనకండి.

ఆరు గళ్లలోనూ తలా రూపాయి ఉందనుకుందాం. పాచికలు ఎలా పడినా మూడు రకాలే. ఈసారి ఆసామి వైపు నుంచి చూడండి.

మూడు పాచికల మీదా మూడు వేరు బొమ్మలు: 216లో 120. ముగ్గురికి తలా రూపాయి ఇస్తాడు, ముగ్గురి దగ్గర తలా రూపాయి తీసుకుంటాడు. వాడికి సున్నా.
ఒక జంట, ఒక ఒంటరి: 216లో 90. ఒకరికి రెండు, ఒకరికి ఒకటి ఇస్తాడు, నలుగురి దగ్గర తీసుకుంటాడు. వాడికి రూపాయి లాభం.
మూడూ ఒకటే బొమ్మ: 216లో 6. ఒకరికి మూడిస్తాడు, అయిదుగురి దగ్గర తీసుకుంటాడు. రెండు రూపాయలు లాభం.

నష్టం అనే వరసే లేదు. సున్నా, ఒకటి, రెండు, అంతే. ఆరు గళ్లూ సమానంగా నిండిన క్షణం నుంచీ ఆసామిది జూదం కాదు, వసూలు.

సగటు చూస్తే (90 + 12)/216 = 102/216. ఇది 17/216కి సరిగ్గా ఆరు రెట్లు. మొన్న చెప్పినట్టు సగటులు ఎలా ఉన్నా కలుస్తాయి. విస్తృతి చూడండి. వర్గాల సగటు (90 + 24)/216 = 114/216 ≈ 0.5278. అందులోంచి 102/216 వర్గం, అంటే 0.2230 తీస్తే 0.3048. ఒక్క గడి విస్తృతి 1.2392, దానికి ఆరు రెట్లు 7.4351. రావాల్సింది ఏడున్నర అనుకుంటే వచ్చింది ఒకటిలో మూడో వంతు కూడా లేదు.

కారణం: ఆరు పందేలూ ఒకే విసురు మీద ఆధారపడ్డాయి. ఇస్పేటు మీద పాచిక పడితే అదే పాచిక జెండా మీద పడలేదన్నమాట. ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమిలోంచి వస్తుంది. ఏ రెండు గళ్లు తీసుకున్నా వాటి సహవిస్తృతి (covariance, రెండూ కలిసి ఒకే వైపు ఊగుతాయో ఎదురెదురుగా ఊగుతాయో చెప్పే సంఖ్య) రుణం, సుమారు −0.2377. విస్తృతుల్ని నేరుగా కలపడం స్వతంత్ర చలరాశులకే చెల్లుతుంది. మిగతా చోట్ల ప్రతి జతకీ సహవిస్తృతిని రెండుసార్లు చేర్చాలి. ఇక్కడ 15 జతలు, అంటే 30 × 0.2377 = 7.13 తగ్గుతుంది. 7.4351లోంచి తీసి చూడండి, సరిపోతుంది.

ఒక గడి ఖాళీగా ఉంటే ఈ సర్దుబాటు తెగుతుంది. జెండా ఖాళీగా ఉండి ఇస్పేటు, ఆఠీను, డైమను పడ్డాయనుకోండి, ముగ్గురికివ్వాలి, ఇద్దరి దగ్గరే వస్తుంది. వాడి జేబులోంచి రూపాయి పోయింది. ఆ రూపాయి కోసమే అరుస్తాడు. సహవిస్తృతి అని వాడికి ఎవరూ చెప్పి ఉండరు, కానీ నేను పాఠం చెప్పినవాళ్లలో చాలామందికంటే వాడికి బాగా తెలుసు.


పర్లాకిమిడి_పిల్లోడు
గురువారం, రాత్రి 7:50

మాస్టారూ, ఆ −0.2377 ఎలా వచ్చిందో విడిగా కట్టి చూశాను. రెండు గళ్ల లాభనష్టాల్ని గుణించి 216 రకాలకీ కలిపితే −50 వచ్చింది. −50/216లోంచి సగటుల గుణకారం (0.0062) తీస్తే −0.2377. సరిపోయింది!

మా సారుకి ఇదే పట్టుకెళ్తా. ఇంకో మాట, నాకు లెక్కలు ఒగ్గేసి స్టాటిస్టిక్స్‌లోకి వెళ్లాలనిపిస్తోంది. మన వైపు నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారా?


బరంపురం_మాస్టారు
గురువారం, రాత్రి 8:20

ఒగ్గేయక్కర్లేదు బాబూ, లెక్కల మీదుగానే వెళ్లొచ్చు. స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న సి.ఆర్.రావు గారు వెళ్లింది ఆ దారినే. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో తెలుగింట పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, తరవాత కలకత్తాలో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. 1943లో పూర్తి చేశారు. విశాఖ నుంచి కలకత్తా వెళ్లే రైలు మార్గం మన బరంపురం మీదుగానే కదా, ఇక్కడ కిటికీలోంచి చూసే ఉంటారని నేనెప్పుడూ అనుకుంటాను. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని ఆ ఏడే పోయారు. ముందు ప్లస్ త్రీ పూర్తి చెయ్యి.


జీడిపిక్కల_వర్తకం
శుక్రవారం, ఉదయం 8:05

మాస్టారూ, ఆసామి సంగతి బుర్రకెక్కింది. దాంతో నా వ్యాపారం సంగతి కూడా అడుగుతాను, చర్చ దారి తప్పిందనుకోకండి. మేం గజపతి కొండల వైపు నుంచి జీడిపిక్కలు కొని పలాస పంపుతాం. కొనే పార్టీ వాళ్లు బస్తాలోంచి 200 పిక్కలు తీసి కోసి చూస్తారు. నూటికి అయిదు పాడైనవి ఉండొచ్చని ఒప్పందం. మొన్న పద్నాలుగు వచ్చాయి. పది రావాల్సిన చోట పద్నాలుగు వచ్చాయని ధర కోశారు. ఇది న్యాయమా?


జయపురం_అక్క
శుక్రవారం, ఉదయం 10:30

అన్నగారూ, ఇది ద్విపద విభాజనం (binomial), అంటే దేనికది బాగుందా పాడైందా అని చూసి పాడైనవి లెక్కపెట్టడం. ఒక్కో పిక్క పాడై ఉండే అవకాశం 0.05, పిక్కలు 200. సగటు 200 × 0.05 = 10. విస్తృతి 200 × 0.05 × 0.95 = 9.5. విచలనం మూడు చిల్లర. అంటే సరుకు సరిగ్గా ఒప్పందం ప్రకారమే ఉన్నా ఏడు నుంచి పదమూడు మధ్య ఊగడం మామూలు, పద్నాలుగు కూడా ఆశ్చర్యపడాల్సింది కాదు. ఇరవై వస్తే వాళ్లు అడగొచ్చు. పద్నాలుగుకి ధర కోయడం అన్యాయమే.


రాయగడ_రాత్రిడ్యూటీ
శుక్రవారం, మధ్యాహ్నం 3:40

అక్కా, అది పిక్కలు దేనికది స్వతంత్రంగా పాడైతేనే. అన్నా, మీ బస్తాలో పిక్కలు ఎలా పాడవుతాయి?


జీడిపిక్కల_వర్తకం
శుక్రవారం, సాయంత్రం 4:15

విడివిడిగా ఎక్కడ పాడవుతాయి బాబూ. చెమ్మ తగిలితే అక్కడున్నవన్నీ పోతాయి. బస్తా అడుగున గుప్పెడు తీస్తే అన్నీ నల్లగా ఉంటాయి, పైన గుప్పెడు తీస్తే ఒక్కటీ ఉండదు.


రాయగడ_రాత్రిడ్యూటీ
శుక్రవారం, సాయంత్రం 4:50

అయితే జాతర ఆసామికి సరిగ్గా తలకిందులు మీ పరిస్థితి. వాడికి ఒకరు గెలిస్తే ఇంకొకరు ఓడతారు. మీకు ఒకటి పోతే పక్కది కూడా పోతుంది. సహవిస్తృతి ధనం, విస్తృతి పెరుగుతుంది. లెక్క సులువుగా ఉండడానికి, అయిదేసి పిక్కలు కలిసి పాడవుతాయనుకుందాం. అప్పుడు 200 పిక్కలు అంటే 40 గుత్తులు. సగటు మారదు: 40 × 0.05 × 5 = 10. విస్తృతి మాత్రం 25 × 40 × 0.05 × 0.95 = 47.5. విచలనం ఏడుకి దగ్గర. అప్పుడు ఇరవై వచ్చినా దొంగ సరుకని చెప్పలేం, సున్నా వచ్చినా మంచి సరుకని చెప్పలేం.

కాబట్టి వాళ్లు 200 ఒకేచోట తీయకుండా చూసుకోండి. పైనా నడుమా అడుగునా, వేర్వేరు బస్తాల్లోంచి కొన్ని కొన్ని తీయమనండి. అప్పుడు అక్క చెప్పిన 9.5 దగ్గరికి వస్తుంది.


జీడిపిక్కల_వర్తకం
శుక్రవారం, రాత్రి 7:10

వాళ్లు ఎప్పుడూ అడుగు నుంచే తీస్తారు. ఈసారి మాటాడతాను.


గుణుపురం_గుమస్తా
శనివారం, ఉదయం 11:20

మా వైపు కొన్నిచోట్ల మూడు కాదు, ఆరు పాచికలు వేస్తారు. అక్కడ ఒక్కటి పడితే ఏమీ ఇవ్వడు. రెండు పడితే రెండింతలు, మూడు పడితే మూడింతలు, అలా ఆరు దాకా. దీని లెక్క చెప్పండి చూద్దాం. ఆరింతలంటే మాటలా!


జయపురం_అక్క
శనివారం, మధ్యాహ్నం 12:45

గుమస్తా గారూ, రెండింతలంటే మన రూపాయి మనకిచ్చి పైన రెండా, లేక మన రూపాయితో కలిపి రెండా?


గుణుపురం_గుమస్తా
శనివారం, మధ్యాహ్నం 12:58

కలిపే.


పర్లాకిమిడి_పిల్లోడు
శనివారం, మధ్యాహ్నం 2:30

నేను కట్టనా అక్కా? మొత్తం 46656 రకాలు. ఒక్కటీ పడనివి 15625, ఒకటి 18750, రెండు 9375, మూడు 2500, నాలుగు 375, అయిదు 30, ఆరు 1. కూడితే సరిపోయింది.

రూపాయి కాస్తే చేతికొచ్చేది సగటున (2 × 9375 + 3 × 2500 + 4 × 375 + 5 × 30 + 6)/46656 = 27906/46656. దాదాపు 60 పైసలు. పోయేది 40 పైసలు! మూడు పాచికల ఆటకి అయిదు రెట్లు. రూపాయి మనకిచ్చి పైన ఇస్తే మాత్రం నష్టం 6469/46656, పద్నాలుగు పైసలు.

కలిపి ఇచ్చే ఆటలో నష్టం సరిగ్గా 18750/46656 వచ్చింది. పట్టికలో 'ఒకటి పడినవి' కూడా 18750. ఇది ఊరికే కలిసిందా?


జయపురం_అక్క
శనివారం, మధ్యాహ్నం 3:05

ఊరికే కాదు తమ్ముడూ. ఆరు పాచికల మీద పడే బొమ్మల సగటు ఆరు ఆరో వంతులు, అంటే ఒకటి. ఎన్ని బొమ్మలు పడితే అన్ని రూపాయలిచ్చి ఉంటే చేతికొచ్చేది సగటున రూపాయి, కాసిందీ రూపాయి, ఎవరికీ లాభం లేదు. ఆసామి ఒక్క చోటే కోశాడు, ఒకే బొమ్మ పడినప్పుడు ఇవ్వాల్సిన రూపాయి ఇవ్వడం లేదు. అది ఎన్నిసార్లు జరుగుతుందో వాడి లాభం అంతే: 18750/46656.

విస్తృతికి కూడా ఇదే దారిన పో. బొమ్మల సంఖ్య వర్గాల సగటు 11/6, అందులోంచి అదే 18750/46656 తీసెయ్యి, చేతికొచ్చే డబ్బు వర్గాల సగటు వస్తుంది. దాంట్లోంచి సగటు వర్గం తీస్తే సుమారు 1.074 రావాలి. రాకపోతే ఇక్కడ రాయి.